కర్త కుర్చీలో ఎవరు?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజుల కిందట కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరు హాలండు వెళ్లి వచ్చారు కదా, అక్కడి విశేషాలు ఓ అరగంట చెప్పండి" అన్నారు. గాలిమరలు, తులిప్ పూలు, సైకిళ్లు మీరంతా మీ మనవల ఫోన్లలో చూసేసి ఉంటారు. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను చెప్పబోయేది డచ్చి వ్యాకరణం గురించి, అందులోనూ కర్త గురించి. వెనక వరుసలో ఎవరో నిట్టూర్చినట్టు వినిపించింది. భోజనాల వేళకు ముగిస్తానని ముందే మాట ఇస్తున్నాను.

మా అమ్మాయి ఉండేది ఐండ్‌హోవెన్ అనే ఊళ్లో. అక్కడ మేమిద్దరం ఒక చలికాలం పూర్తిగా గడిపాం. పొద్దుపోక ఒక పుస్తకం ముందు పెట్టుకుని డచ్చి నేర్చుకోవడం మొదలుపెట్టాను. గురువు ఎనిమిదేళ్ల మా మనవరాలు. ఒకనాడు బయటి నుంచి వణుకుతూ వచ్చి, ఇంగ్లీషు తలలో పెట్టుకుని, "ఇక్ బెన్ కౌట్" అన్నాను. "ఐ యామ్ కోల్డ్" అని చెప్పానని నా ఉద్దేశం. పిల్ల పకపకా నవ్వి, నా చెయ్యి పట్టుకు చూసి, "అలా అనకూడదు తాతయ్యా, 'ఇక్ హెప్ హెట్ కౌట్' అనాలి" అంది. అంటే మాటకు మాటగా "నేను దాన్ని చల్లగా కలిగి ఉన్నాను" అని. నేనన్నది ఒళ్లు చల్లబడిన వాడి మాట అట. ఒళ్లు చల్లబడడమంటే ఏమిటో మన తెలుగులో ఎవరికీ చెప్పనక్కరలేదు. పింఛను ఆగిపోయే మాట!

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. నాకు చలేసినప్పుడు మన భాషలో నేనేమంటాను? "నాకు చలేస్తోంది" అంటాను. "నేను" అననే అనను. ఆకలి, దాహం, నిద్ర, భయం, కోపం, జ్వరం, సిగ్గు అన్నీ నాకు వేస్తాయి, నాకు వస్తాయి. నేను వాటికి కర్తను కాను, అవి వచ్చి చేరే చిరునామాను. డచ్చివాడు మాత్రం "నాకు ఆకలి ఉంది" అనడు, "నేను ఆకలిని కలిగి ఉన్నాను" అంటాడు. ఆకలి కూడా వాడి ఆస్తుల జాబితాలోకి వెళుతుంది.

ఇక్కడే నాకు ఆసక్తి పుట్టింది. ఇంగ్లీషు, డచ్చి, జర్మను, ఐస్‌లాండు భాష, ఇవన్నీ ఒక తల్లి పిల్లలు. వాటిలో జర్మను వాడు ఇప్పటికీ "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటాడు. "నాకు చల్లగా ఉంది" అని, అచ్చం మనలాగే. ఐస్‌లాండు వాడూ అంతే, "మ్యేర్ ఎర్ కల్ట్" అంటాడు. మరి ఇంగ్లీషు వాడు, డచ్చి వాడు ఎప్పుడు మారారు? ఎందుకు మారారు?

మారారన్నది నిజం. మనం బళ్లో షేక్స్‌పియరు చదువుకున్నప్పుడు "మీథింక్స్" అనే మాట వచ్చేది, గుర్తుందా? అది "నేను తలుస్తాను" కాదు, "నాకు తోస్తుంది". డచ్చిలో దానికి తోబుట్టువు "మై డుంక్ట్". పాతకాలపు వాసన వేస్తుంది గాని ఇంకా బతికే ఉంది. ఇంగ్లీషులో "లైక్" అనే క్రియ కూడా వెయ్యేళ్ల కిందట "ఇష్టపడు" కాదు, "నచ్చు". అప్పట్లో రాజు పళ్లను ఇష్టపడేవాడు కాదు, రాజుకు పళ్లు నచ్చేవి. కాలం గడిచేకొద్దీ ఇంగ్లీషులో, డచ్చిలో విభక్తి గుర్తులు అరిగిపోయాయి. "రాజుకు" అనే మాటలో "కు" రాలిపోయి "రాజు" మిగిలాడు. వాక్యంలో మొదట కూర్చునేదీ ఆయనే. మొదటి కుర్చీలో కూర్చున్నాడు, మెడలో వేరే బిళ్ల లేదు, ఈయనే కర్త కాబోలు అని తరవాతి తరం అనుకుంది. అలా పళ్లు నచ్చినవాడు పళ్లను ఇష్టపడేవాడయ్యాడు. అర్హత పరీక్ష రాయకుండా ఇన్‌ఛార్జిగా ఉంటూ ఉంటూ పర్మనెంటు అయినవారు మన శాఖలోనూ ఉన్నారు. పేర్లు చెప్పను.

విభక్తులు నిలుపుకున్న జర్మను, ఐస్‌లాండు భాషల్లో ఆ "కు" ఇంకా నిలిచింది. ఐస్‌లాండులో ఇంకో తమాషా. అక్కడ "కోరిక కలుగు" అనే క్రియకు పద్ధతి ప్రకారం "నన్ను" అనే రూపం వాడాలి. జనం మాత్రం "నాకు" అంటున్నారు. బళ్లో మాష్టర్లు దీనికి ఒక జబ్బు పేరు పెట్టారు, "చతుర్థీ రోగం" అని. పిల్లలకు ఆ రోగం వదిలించాలని ఎన్నో ఏళ్లుగా మందు వేస్తున్నారు. అది తగ్గలేదు సరికదా వ్యాపిస్తోంది. మనకైతే పుట్టుకతోనే ఉన్నదాన్ని వాళ్లు రోగమంటున్నారన్నమాట. అన్నట్టు మన చిన్నయసూరి సంప్రదాయంలో ఈ "కి, కు" లను చతుర్థిలో కాక షష్ఠిలో వేశారు, కాబట్టి మనకు ఆ రోగం పేరు వర్తించదని కూడా వాదించవచ్చు.

"నాకు" అన్నది నిజంగా కర్తేనా అని పండితులు చాలాకాలం తగువులాడారు. ఐస్‌లాండు భాషను పట్టుకుని 1970, 80 దశకాల్లో భాషాశాస్త్రజ్ఞులు ఒకటొకటిగా పరీక్షలు పెట్టి, "రూపం చతుర్థి అయినా ఉద్యోగం కర్తదే" అని తేల్చారు. ఆ పరీక్షలు మనం మన ఇంట్లోనే చేసి చూడవచ్చు. "ఆవిడకు ఊరు గుర్తొచ్చి ఏడ్చింది" అనండి. ఏడ్చిందెవరు? ఊరు ఏడ్చిందని ఎవరూ అనుకోరు. పైకి చూస్తే "గుర్తొచ్చి"కి కర్త ఊరే. అయినా ఆ తరవాతి పనికి మన మనసు ఆవిడనే పిలుస్తుంది. "రాముకు తన ఇల్లు గుర్తొచ్చింది" అంటే "తన" అన్నది రాముడిదే. అంటే ఇక్కడ కుర్చీలు రెండున్నాయి. హాజరు పట్టీలో సంతకం పెట్టేది ఊరు, అధికారం చలాయించేది ఆవిడ.

పాణిని ఈ విషయంలో జాగ్రత్తపరుడు. ఆయన లెక్కలో స్వతంత్రంగా వ్యవహరించేవాడు కర్త. ఎవరికి రుచిస్తుందో, ఎవరికి నచ్చుతుందో వాడిని ఆయన కర్త అనలేదు, సంప్రదానమన్నాడు, చతుర్థి ఇచ్చాడు. నచ్చడం మన చేతిలో లేదు కదా!

ఇక డచ్చివారి రెండో విశేషం. ఆ భాషలో కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదు. మంజూరైన పోస్టు, మనిషి లేకపోతే బొమ్మనైనా కూర్చోబెట్టాలి. వాన పడితే మనం "వాన పడుతోంది" అంటాం, వానే కర్త. డచ్చివాడు "హెట్ రేఖంట్" అంటాడు. "హెట్" అంటే "అది". ఏది అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మన "వచ్చాను" లో నేను ఉన్నాను, "వచ్చావు" లో నువ్వున్నావు. డచ్చిలో మేము, మీరు, వాళ్లు ముగ్గురికీ ఒకటే "కోమెన్". కాబట్టి వై కోమెన్, యులీ కోమెన్, జై కోమెన్ అని పేరు పెట్టి చెప్పక తప్పదు. ఇదే అసలు కారణమని నేను కొన్నాళ్లు సంబరపడ్డాను. తరవాత చూస్తే జర్మనులో క్రియల చివర గుర్తులు ఇంకా బాగానే ఉన్నాయి, అయినా అక్కడా కుర్చీ నింపాల్సిందే. కనుక కారణం అంత సులువు కాదు.

క్రియది మాత్రం రెండో స్థానం, అది ఎవరికీ వదలదు. మొదట "నేను" ఉండవచ్చు, "ఈరోజు" ఉండవచ్చు, "బజారుకు" ఉండవచ్చు. ఏది ముందు కూర్చున్నా క్రియ రెండోదే. అప్పుడు కర్త లేచి క్రియకు వెనక్కి వెళ్లాలి. "నువ్వు వస్తావు" అంటే "యై కోమ్ట్". అదే కర్త వెనక్కి పోతే "కోమ్ యై" అవుతుంది. వెనక్కి పంపినందుకు క్రియ చివరి "ట్" కూడా ఊడిపోతుంది! చిన్న చిన్న అక్షరాలే గాని నన్ను నెల రోజులు ఏడిపించాయి.

"ఎర్" అని ఇంకో బొమ్మ ఉంది. గుమ్మం దగ్గర ఎవరో తెలియని మనిషి నిలబడితే "ఎర్ స్టాట్ ఎన్ మాన్ ఫోర్ ద డ్యోర్" అంటారు. తెలిసిన మనిషైతే ఆయన్నే నేరుగా ముందు కూర్చోబెడతారు. కొత్తవాడికి ముందు కుర్చీ ఇవ్వరు, "ఎర్" ను కూర్చోబెట్టి వాణ్ని వెనక ప్రవేశపెడతారు. మనం "మనిషి గుమ్మం దగ్గర ఉన్నాడు", "గుమ్మం దగ్గర ఓ మనిషి ఉన్నాడు" అని మాటల వరస మార్చి ఆ తేడా చూపిస్తాం.

ఈ "ఎర్" కు ఇంకో ఉద్యోగం ఉంది, అదే మన సభకు ముఖ్యం. "ఎర్ వోర్ట్ ఖదాన్స్ట్" అంటారు. "నాట్యం చేయబడుతోంది." ఎవరు? తెలియదు, చెప్పరు. సంస్కృతం చదువుకున్నవారు వెంటనే గుర్తుపడతారు, ఇది భావే ప్రయోగం. డచ్చి, సంస్కృతం దూరపు చుట్టాలు కనుక ఆశ్చర్యం లేదు. తెలుగుకు చుట్టరికం లేదు, అయినా మన ఆఫీసు తెలుగులో దీన్ని మించిన సొమ్ము ఒకటుంది. "తెలియజేయడమైనది." "ఆదేశించడమైనది." "ధృవీకరించడమైనది." మన జీవన ప్రమాణ పత్రం చూడండి. "పై వ్యక్తి జీవించి ఉన్నట్లు ధృవీకరించడమైనది." బతికి ఉన్నది నేను, ధృవీకరించినది గాలి.

నవ్వుతున్నారు. నేనూ నవ్వేవాణ్నే, ఈ ఒక్క సంగతి గుర్తుకు రాకపోతే. సర్వీసులో ఉండగా ఒక సహోద్యోగి భార్య కుటుంబ పింఛను కోసం అర్జీ పెట్టింది. నేను ఆవిడకు జవాబు రాశాను. "తమ అర్జీ పరిశీలింపబడుచున్నది." అలాంటివి మూడు రాశాను. ఆ మూడు ఉత్తరాలు వెళ్లిన కాలమంతా ఆ ఫైలు నా బీరువాలో, రెండో అరలో, వేరే కాగితాల కింద ఉంది. పరిశీలిస్తున్నవాడెవడూ లేడు. కర్త లేని వాక్యం రాశాను కనుక అబద్ధం ఆడినట్టు కూడా నాకు అనిపించలేదు. డచ్చి అయినా సరే, "నేను పరిశీలిస్తున్నాను" అని రాయవలసి వచ్చి ఉంటే నా చెయ్యి ఆగి ఉండేది. తరవాత నా లెక్కలు తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది, నాకూ అదే వాక్యం వచ్చింది. అప్పుడు తెలిసింది దాని రుచి.

అయితే కర్తను తీసేయడమంతా దొంగతనమే అనుకోకండి. మా ఆవిడ రెండో వరుసలోనే కూర్చుని ఉంది, ఆవిడ అనుమతితోనే ఇది చెబుతున్నాను. ఐండ్‌హోవెన్‌లో ఉండగా ఆవిడకు మరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు, తాళాలు, మనవరాలి స్నేహితురాళ్ల పేర్లు. మా అమ్మాయి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, డచ్చిలో "మైన్ మూడర్ ఫర్ఖేట్ అల్లెస్" అని చెప్పింది. "మా అమ్మ అన్నీ మర్చిపోతుంది." ఆ "ఫర్ఖేట్" మాట మా ఆవిడకు తెలుసు. పిల్ల టిఫిను డబ్బా మర్చిపోయినప్పుడల్లా ఇంట్లో వినే మాటే అది. ఇంటికొచ్చాక ఆ రోజంతా మాట్లాడలేదు. రాత్రి అంది, "నేను మర్చిపోతున్నానని ఎప్పుడన్నాను? గుర్తు రావడం లేదన్నాను."

"రెండూ ఒకటే కదమ్మా" అంది అమ్మాయి.

"ఒకటి కాదే" అంది.

నేను ముప్పై ఎనిమిదేళ్లు ఆఫీసు భాష రాసినవాణ్ని. ఆవిడ అన్నది సరిగ్గా అర్థమైంది. మర్చిపోయానంటే నేను చేసిన పని, నా నిర్లక్ష్యం. గుర్తు రావడం లేదంటే నేను పిలుస్తున్నాను, అది రావడం లేదు. తెలుగులో రెండు మాటలూ ఉన్నాయి. ఏది వాడాలో ఆ మనిషే ఎంచుకోవాలి. అమ్మాయి చెప్పిన వాక్యం ఆవిడను ఎవరూ అడగకుండానే కర్త కుర్చీలో కూర్చోబెట్టింది.

పక్కింట్లో ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. ఆవిడను అడిగాను, మీ భాషలో ఇంకో దారి లేదా అని. ఎందుకు లేదు, "హెట్ స్ఖీట్ మ నీట్ త బిన్నెన్" అంది. "అది నాకు లోపలికి దూసుకు రావడం లేదు" అని. డచ్చి వాడు "కు" ను పూర్తిగా పారేయలేదు, ఇలాంటి కొన్ని మాటల్లో దాచుకున్నాడు. "నాకు కుదిరింది", "నాకు తట్టింది" లాంటివి ఇంకా ఉన్నాయి. మా ఆవిడ ఆ వాక్యాన్ని వారం రోజులు వల్లె వేసి, తరవాతిసారి డాక్టరుకు తనే చెప్పింది. డాక్టరు అమ్మాయి వైపు కాకుండా ఆవిడ వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాడు. రక్తపరీక్షలో బి 12 బాగా తక్కువని తేలింది, ఇంజెక్షన్లు ఇచ్చారు. కొంత తగ్గింది, కొంత ఉంది. పూర్తిగా పోయిందని చెబితే ఆవిడే ఒప్పుకోదు.

ఆ టీచరమ్మతోనే ఇంకో ముచ్చట. వాళ్ల దేశంలో కర్త మీద నిజంగా కొట్లాట జరుగుతోంది. "వాళ్లు" అనడానికి కర్త స్థానంలో "జై" అనాలి. కాని వందేళ్లుగా ఎంతోమంది "హున్" అంటున్నారు, అంటే "వాళ్లకు" అనే రూపాన్ని తెచ్చి కర్త కుర్చీలో వేస్తున్నారు. "హున్ హెబ్బన్" అన్నవాడికి చదువు లేదనే ముద్ర పడుతుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఆ మాట దొర్లితే అవతలి వాళ్ల ముఖం మారిపోతుందని ఆవిడ చెప్పింది. ఆవిడకూ అది వింటే చెవిలో సీసం పోసినట్టే.

అయితే ఆ "హున్" చరిత్ర వినండి. "హెన్", "హున్" అని రెండు రూపాలు జనం నోట ఒకటిగానే తిరుగుతుండగా, 1625లో క్రిస్టియాన్ వాన్ హ్యోలె అనే వ్యాకర్త, లాటిన్ పద్ధతిలో ఒకటి ద్వితీయకు, ఒకటి చతుర్థికి అని పంచాడు. బల్ల దగ్గర కూర్చుని చేసిన పంపకం. నాలుగు వందల ఏళ్లయింది, డచ్చివాళ్లు ఇప్పటికీ దాంట్లో తప్పులు చేస్తూనే ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు ఉంటే ఏమనేవారో మీరే ఊహించుకోండి.

ఇక జనం "హున్" ను కర్తగా ఎందుకు తెచ్చుకున్నారు? నైమేఖెన్ విశ్వవిద్యాలయం వారు పరిశీలించి ఒక సంగతి చెప్పారు. "జై" మనుషులకూ వాడతారు, కుర్చీలకూ పుస్తకాలకూ వాడతారు. "హున్" అనేవాళ్లు మాత్రం దాన్ని మనుషులకే వాడుతున్నారు, వస్తువులకు వాడడం లేదు. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను. ఇది మన "వాళ్లు", "అవి" కదా! మనుషులకు ఒకటి, వస్తువులకు ఒకటి. తప్పు మాట్లాడుతున్నారని తిట్టించుకుంటున్నవాళ్లు, తెలియకుండానే, తమ భాషకు లేని ఒక మర్యాదను కూర్చుకుంటున్నారు. మర్నాడే వెళ్లి టీచరమ్మకు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, కాఫీ పోసి, "అయినా తప్పు తప్పే" అంది. మాష్టర్లు ఎక్కడైనా మాష్టర్లే.

డచ్చివాళ్లు మనకు కొత్తవాళ్లు కాదని కూడా చెప్పాలి. 1600ల తొలినాళ్లలోనే మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు, భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మనవాళ్లు వాళ్లను వలందావాళ్లు అన్నారు, బందరులో వలందపాలెం ఆ పేరే. మన నేత బట్టలు కొనడానికి దుబాసీలను పెట్టుకుని రెండు వందల ఏళ్లు వ్యాపారం చేశారు. మన నేతగాడు "నాకు గిట్టదు" అన్నప్పుడు ఆ దుబాసీ దాన్ని డచ్చిలోకి ఎలా మార్చి ఉంటాడా అని అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను. "నేను ఒప్పుకోను" అని మార్చి ఉంటే బేరం చెడిపోయి ఉంటుంది.

చెప్పవలసింది ఇంకా ఉంది గాని, మా ఆవిడ రెండో వరుసలోంచి సైగ చేస్తోంది. నా బీపీ మాత్ర వేళ దాటిపోయిందట. నాకు గుర్తు రాలేదు, ఆవిడకు గుర్తొచ్చింది.